బాకా కొనే ముందు ఊది చూడాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కానుకగా బడికి ఏమిద్దామని కమిటీ అడిగితే చాలా సలహాలు వచ్చాయి. చివరికి బ్యాండు సెట్టు ఇద్దామన్న మాటకు అందరూ ఒప్పుకున్నారు. ఆ మర్నాడే కార్యదర్శి గారు ఫోను చేసి, "నువ్వు ఇంజనీరువి, స్కూల్లో కార్నెట్ ఊదినవాడివి, ఇప్పటికీ ఇంట్లో ట్రంపెట్ ఊదుతూ ఇరుగుపొరుగు వాళ్ళను నిద్రపోనివ్వవట. ఏవి కొనాలో, ఎలా చూసి కొనాలో సభలో చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్ళుగా నా పని పంపులు, కంప్రెషర్లు, వాల్వులతో. గొట్టంలో గాలి ఎక్కడ కారుతోందో పట్టుకోవడం నా వృత్తి. బాకా కూడా చివరికి వాల్వులున్న గొట్టమే కనుక సరేనన్నాను.

ముందుగా అసలు సంగతి చెప్పేస్తాను. మంచి వాయిద్యాన్ని రాని పిల్లవాడు ఊదితే, నెల తిరిగేసరికి కొంచెం వస్తుంది. గాలి కారే వాయిద్యాన్ని ఎంత తెలివైన పిల్లవాడు ఊదినా స్వరం పలకదు. అయితే పిల్లలు "ఈ బాకాలో లోపం ఉంది" అనుకోరు. "నాకు ఊపిరి చాలదు, నాకు సంగీతం రాదు" అనుకుంటారు. ఆ మాట ఒకసారి మనసులో పడితే జన్మంతా ఉంటుంది. మనం ఇచ్చే డబ్బు వృథా అవుతుందన్నది చిన్న నష్టం. మన కానుక వల్ల ఒక పిల్ల తన మీద తాను నమ్మకం పోగొట్టుకోవడం పెద్ద నష్టం. అందుకే ఫొటో చూసి, కొటేషన్ చూసి కొనకండి, ఊది చూసి కొనండి అంటున్నాను.

ఇత్తడి వాయిద్యం అంటే ఏమిటో రెండు మాటలు. ఇత్తడితో చేసినంత మాత్రాన అది ఈ కుటుంబంలోకి రాదు. శాక్సోఫోన్ ఒళ్ళంతా ఇత్తడే, కానీ దాని ధ్వని మూతిలో పెట్టిన రీడు వల్ల వస్తుంది. ఆ లెక్కన అది మన సన్నాయికి చుట్టం. ట్రంపెట్, కార్నెట్, ట్రాంబోన్, యుఫోనియం, బ్యూగిల్ వీటన్నిటిలో కంపించేవి మన పెదవులే. గుళ్ళో ఊదే శంఖం, జాతరలో ఊదే కొమ్ము కూడా ఇదే సూత్రం మీద పలుకుతాయి. అంటే ఈ వాయిద్యంలో సగం భాగం పిల్లవాడి ముఖం మీదే ఉంది. మిగతా సగమే మనం దుకాణంలో కొనేది. ఆ రెండు సగాలూ కుదురుతాయో లేదో చూడటమే పరీక్ష.

బ్యూగిల్‌కు వాల్వులు ఉండవు. పెదవుల బిగువు మార్చి కొన్ని స్వరాలు మాత్రమే పలికించగలం. 1818లో ప్రష్యాలో ష్టోల్ట్‌సెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాల్వుకు పేటెంటు తీసుకున్నారు. వాల్వు నొక్కితే గాలి అదనపు గొట్టం గుండా చుట్టి వస్తుంది, గొట్టం పొడవు పెరిగి స్వరం దిగుతుంది. ఆ మూడు వాల్వులతోనే అన్ని స్వరాలూ అందుబాటులోకి వచ్చాయి. కొనేటప్పుడు మనం పరీక్షించాల్సిన వాటిలో ముఖ్యమైనవీ అవే.

ఇక ఎంపిక. దుకాణానికి వెళ్ళే ముందే, ఎవరు ఊదుతారో తేల్చుకోవాలి. ముందరి పాల పళ్ళు ఊడి అసలు పళ్ళు గట్టిపడ్డాక మొదలుపెట్టడం మేలు కనుక ఆరో తరగతి నుంచి పిల్లల్ని తీసుకోవచ్చు. చిన్న చేతులకు ట్రంపెట్ కంటే కార్నెట్ సుఖం. రెండింటి గొట్టం పొడవూ ఒకటే, కానీ కార్నెట్ దగ్గరగా చుట్టి ఉంటుంది, బరువు ఒంటికి దగ్గరగా నిలుస్తుంది. ట్రాంబోన్ స్లైడును చివరి దాకా చాచాలంటే చెయ్యి పొడవుండాలి, అది తొమ్మిదో తరగతి వాళ్ళకు వదిలేద్దాం. పళ్ళకు క్లిప్పులు వేసుకున్న పిల్లలకు ట్రంపెట్ చిన్న మౌత్‌పీస్ పెదవిని నొక్కి బాధపెడుతుంది, యుఫోనియం పెద్ద మౌత్‌పీస్ కొంత తేలిక. ఇంకో మాట. మా రోజుల్లో బ్యాండులో ఆడపిల్లలు లేరు. ఊపిరికీ పెదవులకూ ఆ తేడా తెలియదు. పరీక్షకు పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు ఆడపిల్లల్నీ తీసుకెళ్ళండి.

దుకాణంలో మొదట ఊదకండి. కళ్ళతో, చేతులతో చూడండి. కొత్తదైతే మెరుపు చూసి మురిసిపోవద్దు. మేడిపండు సామెత మనకు తెలియనిది కాదు. పాతదైతే సొట్టలు చూడండి. బెల్ అంచున, అంటే విచ్చుకున్న మూతి దగ్గర, చిన్న సొట్ట ఉంటే పెద్దగా నష్టం లేదు. మౌత్‌పీస్ తగిలించే మొదటి గొట్టంలో సొట్ట ఉంటే మాత్రం స్వరం దెబ్బతింటుంది. అదే గొట్టం మీద ఎర్రటి మచ్చలు ఉన్నాయేమో వెలుతురులో తిప్పి చూడండి. మామూలు పసుపు ఇత్తడిలో రాగి సుమారు 70 శాతం, జింకు 30 శాతం. ఏళ్ళ తరబడి లోపల నిలిచిన ఉమ్మి తేమకు జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది. ఆ ఎరుపు పైకి కనబడిందంటే లోపలి నుంచి తినేసిందని అర్థం. పాలిష్‌తో అది పోదు. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

తర్వాత వాల్వులు. ఒక్కొక్కటీ నిటారుగా నొక్కి వదలండి. ఆగకుండా, గరగర లేకుండా పైకి రావాలి. తర్వాత వేలు కొంచెం పక్కకు పెట్టి నొక్కండి, ఎందుకంటే పిల్లలు అలాగే నొక్కుతారు. మూడూ కలిపి నొక్కి ఒక్కసారిగా వదిలితే మూడూ కలిసే లేవాలి. ఆ తర్వాత స్లైడులు, అంటే ముందుకూ వెనక్కూ జరిగే గొట్టాలు. నాలుగూ చేత్తో కదలాలి. "కొత్తది కదా సార్, వాడగా వాడగా వదులవుతుంది" అంటే నమ్మకండి. బిగుసుకుపోయిన స్లైడును ఏడో తరగతి పిల్లవాడు లాగితే ఊడొచ్చేది స్లైడు కాదు, టంకం.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన పరీక్ష, లీకు టెస్టు. పిస్టన్‌కూ దాని గదికీ మధ్య సందు తల వెంట్రుక మందం కంటే తక్కువ ఉంటుంది. అది అరిగిందో లేదో కంటితో తెలియదు. రెండో వాల్వును నొక్కకుండా, దాని స్లైడును కొంచెం బయటికి లాగి పట్టుకోండి. రెండు మూడు క్షణాలు ఆగి అప్పుడు వాల్వు నొక్కండి. సీసా మూత తీసినట్టు "టప్" మని చప్పుడైతే వాల్వు గాలి పట్టి ఉంచుతోందన్నమాట. చప్పుడే లేకపోతే గాలి కారుతోంది. మొదటి, మూడో వాల్వులకూ ఇలాగే చెయ్యండి. డబ్బు ఖర్చు లేదు, మీటరు అక్కర్లేదు, అర నిమిషం పని. ఇంకొకటి, నీరు వదిలే చిన్న మీట. ఒకరు నిలకడగా ఊదుతుండగా ఇంకొకరు ఆ మీట మూతను వేలితో గట్టిగా అదమండి. అదిమినప్పుడు స్వరం తేటపడితే అక్కడి బెండు సరిగ్గా కూర్చోలేదని తెలుస్తుంది. ఇది చిన్న మరమ్మతు, దీనికోసం వాయిద్యాన్ని తిరగ్గొట్టక్కర్లేదు, మార్చి ఇవ్వమనాలి.

ఇక ఊదడం. ఇక్కడ మూడు నియమాలు. ఒకటి, మీ మౌత్‌పీస్ మీరే తీసుకెళ్ళండి. ఎంగిలి సంగతి ఒకటైతే, అన్ని వాయిద్యాలనూ ఒకే మౌత్‌పీస్‌తో ఊదితేనే వాటి మధ్య తేడా తెలుస్తుందన్నది రెండోది. ఒక్కో దానికి ఒక్కో మౌత్‌పీస్ పెడితే మీరు పోల్చేది మౌత్‌పీస్‌లను. రెండు, ఒక పూటలో మూడు నాలుగు కంటే ఎక్కువ ఊదకండి. పెదవులు అలిసిపోయాక ఏది ఊదినా ఒకటే. మూడు, గట్టిగా ఊది చూపించే సేల్స్‌మన్‌ను చూసి నిర్ణయించకండి. గట్టిగా ఊదితే చాలా లోపాలు మునిగిపోతాయి. మెల్లగా ఊదినప్పుడే బయటపడతాయి.

కనుక మొదటి స్వరం మెల్లగా, పొడుగ్గా. వాల్వులేవీ నొక్కకుండా. ఊపిరి తగలగానే స్వరం పలకాలి. ముందు "ఫుస్" మని గాలి పోయి తర్వాత పలికితే పక్కన పెట్టండి. తర్వాత అదే స్వరాన్ని మెల్ల నుంచి గట్టికీ, గట్టి నుంచి మెల్లకూ తీసుకెళ్ళండి. శ్రుతి పైకీ కిందికీ ఊగకూడదు.

శ్రుతికి ఫోనులో ట్యూనర్ యాప్ చాలు. బి-ఫ్లాట్ ట్రంపెట్ వాల్వులు నొక్కకుండా పలికే స్వరాలు వరుసగా 233, 349, 466, 587, 698 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ట్యూనర్‌లో అర స్వరానికి 100 సెంట్లు అని లెక్క. ముందు 466 దగ్గర స్లైడుతో శ్రుతి చేసుకుని మిగతావి చూడండి. నాలుగోది, అంటే 587 దగ్గరిది, ఏ బాకాలోనైనా కొంచెం దిగే పలుకుతుంది. ప్రకృతి సిద్ధమైన ఆ తేడా సుమారు 14 సెంట్లు, అనుభవం ఉన్నవాళ్ళు దాన్ని పెదవితో సర్దుకుంటారు. తేడా 30 సెంట్లు దాటితే నేనైతే ఆ బాకాను తీసుకోను. నేర్చుకునే పిల్ల అంత సర్దుకోలేదు.

ఇంకో లెక్క చెబితే లెక్కల మాస్టారు సంతోషిస్తారు. బి-ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం సాగదీస్తే దాదాపు 148 సెంటీమీటర్లు. అర స్వరం దిగాలంటే పొడవు సుమారు 6 శాతం పెరగాలి. రెండో వాల్వు ఒక అర స్వరం, మొదటిది రెండు, మూడోది మూడు అర స్వరాలు దింపుతాయి. అందుకు కావలసిన అదనపు గొట్టాలు సుమారు 9, 18, 28 సెంటీమీటర్లు. మొదటిదీ మూడోదీ కలిపి నొక్కితే ఐదు అర స్వరాలు దిగాలి. దానికి కావలసింది సుమారు 49 న్నర సెంటీమీటర్లు. మన దగ్గర ఉన్నది 18, 28 కలిపి 46. మూడున్నర సెంటీమీటర్లు తక్కువ! చక్రవడ్డీ లెక్కలో అసలు పెరిగాక పాత వడ్డీ చాలనట్టే ఇదీ. మూడు వాల్వులూ కలిపి నొక్కితే తరుగు ఇంకా ఎక్కువ. తయారీదారులు గొట్టాలను కాస్త అటూ ఇటూ సర్ది దీన్ని తగ్గిస్తారు కానీ పూర్తిగా పోదు. అందుకే మూడో వాల్వు స్లైడుకు ఒక ఉంగరం ఉంటుంది, ఎడమ చేతి వేలు అందులో పెట్టి ఊదుతూనే స్లైడును బయటికి జరపాలి. ఆ ఉంగరం లేని, లేదా ఆ స్లైడు జరగని బాకా ఎంత అందంగా ఉన్నా ఆ స్వరాలు అపశ్రుతే. అందం కోసం పెట్టిన నగ కాదది.

మన ఎండ సంగతి కూడా చూడాలి. ధ్వని వేగం 20 డిగ్రీల గాలిలో సెకనుకు 343 మీటర్లు, 35 డిగ్రీల్లో 352. లెక్క ప్రకారం ఇది 45 సెంట్ల తేడా, అర స్వరంలో దాదాపు సగం. ఊదేవాళ్ళ ఊపిరి గొట్టాన్ని ఎలాగూ వెచ్చబరుస్తుంది కనుక నిజంలో తేడా ఇంతకంటే తక్కువే, కానీ ఉంటుంది. ఎండలో శ్రుతి పెరుగుతుంది, ట్యూనింగ్ స్లైడు బయటికి లాగాలి. ఒక సెంటీమీటరు లాగితే గొట్టం పొడవు రెండు సెంటీమీటర్లు పెరిగి 20 సెంట్లకు పైగా దిగుతుంది. ఏసీ షోరూములో శ్రుతి చూశాక బాకాను బయట ఎండలోకి తెచ్చి పది నిమిషాలు ఊదించి మళ్ళీ చూడండి. మన పిల్లలు వాయించేది ఏసీలో కాదు, పంద్రాగస్టు నాడు గ్రౌండులో.

చివరి పరీక్షకు ఇద్దరు కావాలి. ఊదే మనిషి ఒకే పాటను రెండు మూడు వాయిద్యాల మీద ఊదాలి. వినేవాళ్ళు ఇరవై అడుగుల దూరంలో వెనక్కి తిరిగి నిలబడి, ఏది వినసొంపుగా ఉందో నంబరు రాసుకోవాలి. చూస్తూ వింటే ఖరీదు ఎక్కువున్నదే బాగున్నట్టు అనిపిస్తుంది.

మరి ఈ ఊదే మనిషి ఎవరు? నన్ను అడిగితే మన ఊళ్ళో పెళ్ళి బ్యాండు మాస్టారిని అడగమంటాను. ఎండలో వానలో ఊరేగింపుల ముందు నడుస్తూ ఊదినవాళ్ళు వాళ్ళు. ఏ వాల్వు ఎన్నాళ్ళు వస్తుందో, ఏ టంకం ఎక్కడ ఊడుతుందో వాళ్ళకు తెలిసినంత నాకు తెలియదు. డీజేలు వచ్చాక వాళ్ళకు పని తగ్గింది. పెళ్ళిలో వాళ్ళ పాటకు చిందులేసిన మనం, భోజనాల దగ్గర వాళ్ళను చివరి బంతికి కూర్చోబెడతాం. ఈ కొనుగోలు కమిటీలో ఒక బ్యాండు మాస్టారిని సభ్యుడిగా వేసి, ఆయన సమయానికి తగిన రుసుము ఇచ్చి, "మీరు సరే అంటేనే కొంటాం" అనాలని నా కోరిక. తర్వాత పిల్లలకు నేర్పేదీ ఆయనే అయితే మరీ మంచిది.

ఎక్కడ కొనాలన్నది అందరూ అడుగుతారు. మన దేశంలో బ్యాండు వాయిద్యాల తయారీకి పేరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అక్కడి జాలీ కోఠి ప్రాంతంలో తరతరాలుగా ఈ పని సాగుతోంది. పేరున్న విదేశీ కంపెనీల విద్యార్థి మోడళ్ళూ దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ. నేను ఏ కంపెనీ పేరూ సిఫార్సు చెయ్యను. షరతులు మాత్రం చెబుతాను. ఊది చూడనివ్వని చోట కొనవద్దు. స్ప్రింగులు, ఫెల్టులు, బెండ్లు విడిగా దొరుకుతాయని రాసివ్వాలి. మా ఫ్యాక్టరీలో ఒక మాట ఉంది: శాంపుల్ వేరు, లాటు వేరు. చూపించిన ఒక్కటీ బాగున్నంత మాత్రాన వచ్చిన పన్నెండూ బాగుంటాయని కాదు. వచ్చిన ప్రతిదానికీ నంబరు వేసి, ఇప్పుడు చెప్పిన పరీక్షలన్నీ చేసి, కాగితం మీద టిక్కు పెట్టాకే మిగతా డబ్బు చెల్లించాలి.

మౌత్‌పీస్ గురించి ఒక ముక్క. మొదలుపెట్టే పిల్లలకు ట్రంపెట్‌కు 7సి అనే మధ్యరకం కొలత మామూలుగా సరిపోతుంది. వాయిద్యం ఇద్దరు ముగ్గురు పంచుకోవచ్చు కానీ మౌత్‌పీస్ ఎవరిది వారికే ఉండాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే వేరే చోట తగ్గిద్దాం.

ఆ వేరే చోటు ఏదంటే, సంఖ్య. కమిటీ వేసిన లెక్కలో ఇరవై నాలుగు వాయిద్యాలున్నాయి. అదే డబ్బుతో పన్నెండు మంచివి కొందాం. మిగిలినదానిలో నేర్పే మాస్టారి జీతానికి, వాల్వు నూనెకు, స్లైడు గ్రీజుకు, ఏడాదికోసారి మరమ్మతుకు కేటాయిద్దాం. కొబ్బరి నూనె పోస్తే చలికాలంలో పేరుకుని వాల్వులు పట్టేస్తాయి. చింతపండుతో బిందె తోమినట్టు తోమితే పైపూత పోతుంది. ఈ చిన్న సంగతులు చెప్పే మనిషి బడిలో ఉండాలి. లేకపోతే రిబ్బను కత్తిరించిన రోజు మోగిన బ్యాండు మరుసటి ఏడాదికి స్టోరు రూములో పాత బెంచీల కిందికి చేరుతుంది. అక్కడ ఇప్పటికే ఏమున్నాయో చూడాలనుకునేవారు ప్యూను గారిని తాళం అడగండి. మా కాలపు డ్రమ్ములు, సొట్టలు పడ్డ రెండు బ్యూగిళ్ళు అక్కడే ఉన్నాయి. అవి పనికిరానివై మూల పడలేదు. మా డ్రిల్లు మాస్టారు రిటైరయ్యాక నేర్పేవాళ్ళు లేక మూలపడ్డాయి.

కనుక ఈ సభను కోరేది మూడు తీర్మానాలు. వాయిద్యాల సంఖ్య తగ్గించి నాణ్యత పెంచడం. బ్యాండు మాస్టారు, సంగీతం టీచరు గారు, ఇద్దరు పిల్లలు లేకుండా కొనుగోలు జరగకపోవడం. మొత్తం నిధిలో కొంత భాగాన్ని ఐదేళ్ళ నేర్పుడుకూ నిర్వహణకూ విడిగా బ్యాంకులో వేయడం. మొదటి దానికి కష్టపడేది కమిటీ, రెండో దానికి ఊరు, మూడో దానికి మనందరం. నా బ్యాచ్ వాళ్ళ తరఫున మూడో దానికి మా వాటా ఈ రోజే కోశాధికారి గారికి ఇస్తున్నాం.